ముప్ఫై ఎనిమిది మంది, పది ట్యాబులు, ఒక పీరియడ్

[తెరపై: ఖాళీ తరగతి గది. బల్ల మీద పది ట్యాబులు. ఒక్కోదాని వెనక తెల్ల స్టిక్కరు, దాని మీద నంబరు. దూరంగా ఇంటర్వెల్ గోల.]

"ఫోన్ జాగ్రత్తగా వాడండర్రా" అని పిల్లలకు చెప్పని బడి విశాఖలో ఉండదు. అసెంబ్లీలో చెబుతాం, పేరెంట్స్ మీటింగులో చెబుతాం, చార్టు రాయించి గోడకు అంటిస్తాం. ఆ చార్టు కిందే కూర్చుని ఒకడు, పక్కవాడు ఆవలిస్తుంటే ఫోటో తీసి గ్రూపులో పడేస్తాడు. తప్పని వాడికి తెలీకేం! ఆ క్షణంలో చెయ్యి ఎలా ఆపుకోవాలో ఎవరూ చేయించి చూపించలేదు, అంతే.

మాస్టారూ, మేడమ్, అందుకే ఈ వీడియోలో ఉపన్యాసానికి పనికొచ్చే మాటలు దొరకవు. మామూలు సైన్సు, సోషల్ పీరియడ్‌లోనే, ట్యాబు పిల్లల చేతిలో ఉండగా ఏం చేయించాలో చూద్దాం. మన లెక్క ఇది: 45 నిమిషాలు, 38 మంది, 10 ట్యాబులు.

[తెరపై: నల్లబల్ల మీద "8 × 4, 2 × 3".]

నలుగురేసి ఎనిమిది జట్లు, ముగ్గురేసి రెండు జట్లు. జట్టులో ఒకరు ట్యాబు పట్టుకుంటారు, ఒకరు టైపు చేస్తారు, ఒకరు నోట్‌బుక్‌లో రాస్తారు, ఒకరు రాసింది సరిచూస్తారు. ముగ్గురే ఉంటే రాసేవాళ్లే సరిచూస్తారు. ఎనిమిది నిమిషాలకోసారి పని మారాలి. మార్చకపోతే ఏమవుతుందో మీకు తెలుసు: ఇంట్లో ఫోన్ ఉన్నవాడు పీరియడ్ అంతా టైపు చేస్తాడు, మిగతా ముగ్గురూ వాడి భుజం మీంచి తొంగిచూస్తారు.

ట్యాబు ఇచ్చేటప్పుడు రిజిస్టరులో నంబరు, జట్టు, బ్యాటరీ శాతం, గీతలుంటే ఎక్కడున్నాయో రాయించండి. పిల్లలే రాయాలి. గ్లాసు పగిలాక "మాకిచ్చినప్పుడే అలా ఉంది మేడమ్" అన్న గొడవ రిజిస్టరు ఉన్నచోట రాదు.

ఇక "తెర కిందికి". మీరు చెయ్యెత్తగానే పది ట్యాబులూ బోర్లా పడాలి. పాఠం మొదలుపెట్టకముందే మూడుసార్లు ప్రాక్టీసు చేయించండి. ఇక్కడ పొరపాటు మన వైపే జరుగుతుంది. తొమ్మిది బోర్లా పడి ఒకటి ఇంకా వెలుగుతుండగానే మాట్లాడటం మొదలుపెడతాం. ఆ సైగ పట్టించుకోనక్కర్లేదని క్లాసుకు ఆ రోజే తెలిసిపోతుంది. పదోది పడేదాకా నోరు మెదపకండి.

[తెరపై: ట్యాబు సెట్టింగ్స్ దగ్గరగా. వేలు "యాప్ పిన్నింగ్" మీద ఆగుతుంది.]

పాఠం యాప్ లోంచి పిల్లలు బయటికి జారకుండా ఆండ్రాయిడ్‌లోనే ఏర్పాటు ఉంది. సెట్టింగ్స్‌లో సెక్యూరిటీకి వెళ్తే "యాప్ పిన్నింగ్" కనిపిస్తుంది, కొన్ని మోడళ్లలో "పిన్ విండోస్" అంటారు. ఆన్ చేశాక దాని కిందే ఇంకో మీట ఉంటుంది: పిన్ తీసేముందు పాస్‌వర్డ్ అడగాలా అని. చాలామంది దీన్ని వదిలేస్తారు. అది ఆన్‌లో లేకపోతే రెండు బటన్లు కలిపి నొక్కి పిల్లలు క్షణంలో బయటికొచ్చేస్తారు. ఆ కిటుకు మనకంటే వాళ్లకే ముందు తెలుస్తుంది.

పాస్‌వర్డుల గురించి ఒక్క మాట. దాన్ని ట్యాబు వెనక స్టిక్కరు మీద రాయకండి. నవ్వకండి, రాస్తున్నారు.

సముద్రానికి దగ్గర్లో ఉన్న బడులకు ఇంకోటి. ఉప్పుగాలికి ఛార్జింగ్ పోర్టులో పచ్చగా తుప్పు పడుతుంది, పిన్ను వదులై ఛార్జింగ్ ఎక్కడం మానేస్తుంది. మూత గట్టిగా పడే డబ్బాలో పెట్టండి. ఛార్జింగ్‌లో ఉన్నవాటిని ఒకదాని మీద ఒకటి పేర్చకండి, మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి, వేడి బయటికి పోవాలి. వేసవి సెలవులకు బ్యాటరీ నిండా కాకుండా సగంలో ఉంచి ఆఫ్ చేసి దాచండి.

[తెరపై: బడి ఆవరణలో వేపచెట్టు ఫోటో. వేలు ఫోటోను పైకి జరుపుతుంది. కింద మ్యాపు తెరుచుకుంటుంది.]

ఇప్పుడు ఆ ఆవలింత ఫోటో దగ్గరికి వద్దాం.

కెమెరాలో లొకేషన్ ఆన్ చేసి, మీ బడి చెట్టును మీరే ఫోటో తీయండి. గ్యాలరీలో ఆ ఫోటోను వేలితో పైకి జరిపి ప్యానెల్ మీద, అంటే క్లాసులోని పెద్ద తెర మీద, చూపించండి. మధురవాడ అయితే మధురవాడ, గాజువాక అయితే గాజువాక, వీధితో సహా మ్యాపు మీద చుక్క పడుతుంది. క్లాసు నిశ్శబ్దమైపోతుంది. అప్పుడు అడగండి: ఈ ఫోటో మీ ఇంటి మేడ మీద తీసి ఉంటే? ఆ తర్వాత కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ఆఫ్ చేయడం పది ట్యాబుల్లోనూ పిల్లల చేతే చేయించండి. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఈ వివరం రాలిపోతుంది. అదే ఫోటోను డాక్యుమెంటుగా పంపితే చెక్కుచెదరకుండా వెళ్తుంది. పిల్లలకు ఈ తేడా తెలీదు, పెద్దల్లో చాలామందికీ తెలీదు.

మనిషి ఫోటో అయితే రెండుసార్లు అడగాలి. తీసేముందు ఒకసారి, పంపేముందు మళ్లీ. "తీసుకోమన్నావుగా" అనేది పంపడానికి ఒప్పుకోలు కాదు. దీన్ని ఇద్దరిద్దరిని నిలబెట్టి ఆడించండి. ఒకరు "వద్దురా" అనాలి, రెండోవాళ్లు ఏమీ అనకుండా ట్యాబు దించాలి. వద్దనడమూ నేర్పాల్సిన పనే. చాలామంది పిల్లలకు ఆ మాట గొంతు దాటదు.

పీరియడ్ చివర గ్యాలరీలో చెరిపేస్తే సరిపోదు. చెరిపినవి బిన్‌లో వారాల తరబడి ఉంటాయి. అదీ ఖాళీ చేయించండి.

ఒక ముల్లు మనకీ గుచ్చుకోవాలి. క్లాసు ఫోటోలు తీసి స్టేటస్‌లో పెట్టే ముందు మనం ఎవరిని అడుగుతున్నాం? 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లందరూ పిల్లలే. వాళ్ల వివరాల విషయంలో తల్లిదండ్రుల సమ్మతికి ఆ చట్టం పెద్దపీట వేసింది. మాస్టారు అడగడం చూడని పిల్లాడు తాను ఎందుకు అడుగుతాడు?

[తెరపై: వాట్సాప్ మెసేజ్ నమూనా. "తుఫాను. రేపు విశాఖ జిల్లాలో పాడేరు, అరకు సహా అన్ని స్కూళ్లకూ సెలవు. కలెక్టర్ ఆదేశం. అందరికీ పంపండి."]

విశాఖ పిల్లలకు ఫార్వార్డుల పాఠం చెప్పాలంటే తుఫానును మించిన వస్తువు లేదు. ఈ మెసేజ్‌లో తప్పెక్కడుందో జట్లకు మూడు నిమిషాలు ఇచ్చి వెతకమనండి. తేదీ లేదని కొందరు పడతారు. ఏ రోజు రాసినా "రేపు" రేపే కదా! కాస్త చురుకైనవాళ్లు రెండోది పడతారు: పాడేరు, అరకు ఇప్పుడు విశాఖ జిల్లాలో లేవు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాక అవి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. అంటే ఇది అంతకుముందు ఎప్పుడో తిరిగిన మెసేజే కావచ్చు, ఊరూ జిల్లా తెలియనివాడు అల్లిందైనా కావచ్చు. ఎలా చూసినా నమ్మడానికి లేదు.

తర్వాత ఫోటో. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గరే తీరం దాటింది. విమానాశ్రయం పైకప్పు ఎగిరిపోయింది, చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. ఆ రోజుల ఫోటోలు కొత్త తుఫాను వచ్చినప్పుడల్లా "ఇప్పుడే, బీచ్ రోడ్డులో" అంటూ తిరిగి పుట్టుకొస్తాయి. అలాంటి ఫోటో ఒకటి ఇచ్చి, ఫోటోతోనే ఫోటోను వెతికే గూగుల్ లెన్స్‌లో వెతికించండి.

పిల్లలు ఇక్కడ రెండుచోట్ల జారిపడతారు. లెన్స్ అదే ఫోటోతో పాటు దాన్ని పోలినవీ చూపిస్తుంది. కొబ్బరిచెట్టు, వాన ఉంటే చాలు, దొరికేసిందంటారు. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టి ఒక హోర్డింగో, విరిగిన స్తంభమో, కదలని గుర్తు ఒకటి కలుస్తోందో లేదో చూడమనండి. రెండోది, మొదట కనిపించిన లింకు దగ్గరే ఆగిపోవడం. మనకు కావలసింది అన్నిటికంటే పాత తేదీ. 2014 నాటి వార్తలో అదే ఫోటో ఉంటే మాట తేలిపోయినట్టే. తుఫాను సంగతి విశాఖలోని తుఫాను హెచ్చరికల కేంద్రం బులెటిన్‌లో చూసుకోవాలి, సెలవు సంగతి బడి నుంచి వినాలి. అప్పటిదాకా ఆ మెసేజ్ ఎవరికీ పంపకూడదు.

[తెరపై: ఆర్కే బీచ్‌లో ఐఎన్ఎస్ కురుసుర. పక్కనే నోట్‌బుక్‌లో మూడు గళ్లు.]

ఏఐ విషయానికొస్తే, వాడొద్దని చెప్పి లాభం లేదు, ఇంటికెళ్లి వాడతారు. మీ ఖాతాతో, ప్యానెల్ మీద, అందరి ముందూ అడగండి. పిల్లల పేర్లతో ఖాతాలు తెరవకండి. ప్యానెల్‌కు మీ ఫోన్ కలిపేముందు నోటిఫికేషన్లు ఆపుకోండి. లేకపోతే ఇంటి నుంచి వచ్చే కూరగాయల చీటీ క్లాసంతా చదువుతుంది.

"కురుసుర సబ్‌మెరైన్ గురించి పది వాక్యాలు రాయి" అని అడగండి. పది వాక్యాలూ గడగడా వచ్చేస్తాయి. ఒక్కో జట్టుకు ఒక్కో వాక్యం పంచండి. నోట్‌బుక్‌లో మూడు గళ్లు: ఏఐ ఏమంది, మేం ఎక్కడ చూశాం, అక్కడ ఏముంది. నౌకాదళంలో చేరింది 1969 డిసెంబరు 18న. సేవ ముగిసింది 2001 ఫిబ్రవరి 27న. మ్యూజియంగా తెరుచుకుంది 2002 ఆగస్టులో. ఇవి మీ దగ్గర ముందే రాసి ఉంచుకోండి. సేవ ముగిసిన ఏడాదినీ మ్యూజియం తెరిచిన ఏడాదినీ కలిపేయడం మనుషులూ చేస్తారు, యంత్రమూ చేస్తుంది. ఎందుకంటే అది నమ్మకమైన పుస్తకం తెరిచి చదివి చెప్పదు, ఒక మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టి వాక్యం అల్లుతుంది. అందుకే తప్పునూ ఒప్పునూ ఒకే ధీమాతో చెబుతుంది.

"ఆసియాలో మొదటి సబ్‌మెరైన్ మ్యూజియం" అన్న వాక్యం ఎవరికి పడితే వాళ్లకు ఎక్కువ సమయం ఇవ్వండి. కొన్నిచోట్ల ఆసియా అని, కొన్నిచోట్ల దక్షిణాసియా అని ఉంటుంది. ఏది రాయాలి? జట్టు తేల్చలేకపోతే "రెండు రకాలుగా రాస్తున్నారు" అని రాయమనండి. నిజాయితీగా రాసిన ఆ వాక్యానికి మార్కులు వేయండి.

[తెరపై: టీచరు బల్ల పక్కన నిలబడ్డ అమ్మాయి, చేతిలో మూసిన నోట్‌బుక్.]

ఇదంతా మొదలుపెట్టాక ఏదో ఒకరోజు ఎవరో ఒకరు క్లాసయ్యాక మీ దగ్గరే నిలబడతారు. ఎవరో బెదిరిస్తున్నారనో, అమ్మ ఫోన్‌లోంచి డబ్బు పోయిందనో చెబుతారు. "నీకు ఫోన్ ఎవరిచ్చారు" అన్నది మీ మొదటి మాట అయితే ఆ పిల్ల ఇంకెప్పుడూ చెప్పదు. మెసేజ్‌లు చెరపనివ్వకండి. నంబరు, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయించండి. బెదిరింపులో అసభ్యమైన చిత్రం ఉంటే మాత్రం దాన్ని మీ ఫోన్‌లోకి పంపించుకోకండి, ఆ ఫోన్ అలాగే ఉంచి పోలీసులకు చూపించాలి. డబ్బు పోయుంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి. డబ్బు ఇంకో ఖాతాకు మారిపోకముందే ఆపగలిగే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ. పిల్లల భద్రత విషయమైతే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098.

[తెరపై: గోడ గడియారం. గంట కొట్టడానికి ఐదు నిమిషాలు. ట్యాబులు ఒక్కొక్కటే డబ్బాలోకి వెళ్తున్నాయి.]

చివరి ఐదు నిమిషాలు పాఠానికి ఇవ్వకండి. లాగౌట్, బిన్ ఖాళీ, పొడి గుడ్డతో తెర తుడవడం, రిజిస్టరులో సంతకం. ఏడో నంబరు ట్యాబు 62 శాతంతో వెళ్లి 41తో తిరిగొచ్చింది, కుడి మూల చిన్న గీత. ఆ గీత సంగతి మీరు అడగకముందే జట్టు రాసేసింది.