ఎవర్ని పట్టుకుంటే ఏ గేరు

(తిరుపతిలో ట్యాక్సీ డ్రైవర్లకు, ఐటీఐ పిల్లలకు ఇచ్చిన ప్రసంగం)

అన్నలకు, తమ్ముళ్లకు నమస్కారం.

బల్లమీదున్నది విప్పిన ఆటోమేటిక్ గేర్‌బాక్సు. వెనకున్నోళ్లు కూడా దగ్గరికి రండి. నడిమధ్య ఈ చిన్నది సన్ గేరు. దాని చుట్టూ మూడు ప్లానెట్ గేర్లు, వాటిని మోసే చట్రం క్యారియరు. బయట గాజులా చుట్టుకొని, లోపలివైపు పళ్లున్నది రింగు గేరు. గుళ్లో నవగ్రహాల చుట్టూ మనం తిరుగుతాం. ఇక్కడ గ్రహాలే తిరుగుతాయి, తమ చుట్టూ తామూ, సూర్యుడి చుట్టూ కూడా.

ఈ పళ్లు ఎప్పుడూ ఒకదాన్నొకటి వదలవు. మారేదల్లా మనం ఎవర్ని కదలకుండా పట్టుకున్నాం అన్నదే. సన్‌కు 30 పళ్లు, రింగుకు 72 అనుకోండి. రింగును ఆపి సన్‌ను తిప్పితే, అది 3.4 చుట్లు తిరిగేసరికి క్యారియరు ఒక్క చుట్టు తిరుగుతుంది. వేగం తగ్గి లాగుడు పెరిగింది. అలిపిరి దాటి కొండెక్కేటప్పుడు మనకు కావలసింది ఇదే. క్యారియరును ఆపితే రింగు ఎదురు తిరుగుతుంది, అది రివర్సు. ఏ రెండింటిని ఒకదానికొకటి కట్టేసినా మూడూ ఒకే ముద్దగా తిరుగుతాయి. ఎవర్నీ పట్టుకోకపోతే న్యూట్రల్. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కారులోనూ ఇలాంటి ప్లానెట్ గేర్లే. అప్పుడు పట్టుకునే పని డ్రైవరు కాలిది. ఏఎంటీ బండ్ల సంగతి వేరు, అందులో ఉండేది మామూలు గేర్‌బాక్సే, గేర్లు మార్చే పని మాత్రం యంత్రం చేస్తుంది.

పట్టుకునే చేతులు రెండు రకాలు. తిరిగేదాన్ని తిరిగేదానికి కట్టేది క్లచ్చు. తిరిగేదాన్ని కదలని గేర్‌బాక్సు కేసుకు కట్టేది బ్రేకు. ఈ ప్లేట్లు చూడండి, దోసెల దొంతర లాగా ఒకటి ఫ్రిక్షన్ ప్లేటు, ఒకటి స్టీలు ప్లేటు. ఆయిలు ప్రెషరుతో పిస్టన్ తోస్తే దొంతరంతా బిగుసుకుంటుంది, ప్రెషరు తగ్గితే స్ప్రింగు పిస్టన్‌ను వెనక్కి నెడుతుంది. కొన్ని బాక్సుల్లో బ్రేకుకు ప్లేట్ల బదులు డ్రమ్ము చుట్టూ బ్యాండు ఉంటుంది.

ఈ నల్ల ప్లేటు వాసన చూడండి. ఆయిలు తగ్గిందని తెలిసీ లాగిన బండిది. ప్రెషరు చాలక పట్టు జారింది, జారినచోట మాడింది. ఎర్రగా ఉండాల్సిన ఆయిలు కాఫీ డికాషన్‌లా దిగింది.

ఇక నేను ముఖ్యంగా చెప్పొచ్చింది కొండ దిగడం గురించి. చాలా బాక్సుల్లో డీలో, అంటే లివర్ డ్రైవ్‌లో ఉన్నప్పుడు, మొదటి గేరుకు రింగు లాంటి భాగాన్ని ఆపేది వన్-వే క్లచ్చు. ఇంజను లాగినప్పుడు పట్టుకుంటుంది, చక్రాలే ఇంజనును తోసినప్పుడు వదిలేస్తుంది. పై గేర్లలో పట్టు ఉన్నా, ఇంజను బండిని ఆపే బలం తక్కువ. అందుకే డీలోనే దిగితే భారమంతా చక్రాల బ్రేకుల మీద పడుతుంది. 1944లో తెరిచిన మొదటి ఘాట్ రోడ్డు మలుపుల్లో ఆ బ్రేకుల మాడు వాసన మీకందరికీ తెలుసు. వేగం తగ్గించుకొని లివర్ ఎల్‌లో, అంటే లో గేరులో వేస్తే గేర్‌బాక్సు లోపలి బ్రేకు కూడా బిగుస్తుంది. అది రెండువైపులా వదలదు. అప్పుడు బండిని ఇంజనే ఆపుకుంటూ దిగుతుంది. ఎల్ లేని బండిలో 2 గానీ, మాన్యువల్ మోడు గానీ వాడండి.

ఇప్పుడు ఒక్కొక్కరే రండి. ఎడమచేత్తో రింగును పట్టుకొని, కుడిచేత్తో సన్‌ను తిప్పండి. తర్వాత రింగును వదిలి, క్యారియరును పట్టుకొని చూడండి.