పెట్ స్కాన్‌లో వెలిగిన ప్రతి చుక్కా క్యాన్సరేనా?

నోటి క్యాన్సర్‌కో గొంతు క్యాన్సర్‌కో కీమో, రేడియేషన్ అయిపోగానే ఇంట్లోవాళ్లకి ఒకటే ఆత్రం. మెడలో గడ్డ పోయిందా లేదా, వెంటనే పెట్ సీటీ (పెట్, సీటీ స్కాన్లు రెండూ కలిపి తీసేది) చేయించేద్దాం అని. కాస్త ఆగండి. ఎందుకు ఆగాలో అర్థం కావాలంటే, ఆ స్కాన్‌లో అసలు ఏం వెలుగుతుందో ముందు తెలియాలి.

స్కాన్‌కు ముందు నరానికి ఎక్కించే మందు ఎఫ్‌డీజీ. గ్లూకోజ్ లాంటి పదార్థానికి ఫ్లోరిన్-18 తగిలించి చేస్తారు. 110 నిమిషాలకు దాని రేడియో ధార్మికత సగానికి పడిపోతుంది. చక్కెరను ఎక్కువగా లాక్కునే చోటల్లా వెలుగు కనిపిస్తుంది. క్యాన్సర్ కణం లాక్కుంటుంది, నిజమే. కష్టపడుతున్న కండరం, వాచిన చిగురు, టీబీ గడ్డ కూడా లాక్కుంటాయి.

అందుకే ఇంజెక్షన్ అయ్యాక స్కాన్ దాకా ఉండే ఆ గంట చాలా ముఖ్యం. ఫోన్ మాట్లాడితే స్వరపేటిక కండరాలు వెలుగుతాయి. వక్కపలుకు నమిలితే దవడ కండరాలు. చలికి వణికితే మెడలో ఒంటికి వేడి పుట్టించే గోధుమరంగు కొవ్వు వెలిగి, క్యాన్సర్ పాకిన లింఫు గడ్డలేమో అన్న అనుమానం తెస్తుంది. దుప్పటి అడిగి కప్పుకోండి, మౌనంగా పడుకోండి. అంతకుముందు కనీసం నాలుగైదు గంటలు మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోకూడదు. షుగర్ 200 దాటితే చాలా సెంటర్లలో వాయిదా వేస్తారు. అలాగని అప్పటికప్పుడు ఇన్సులిన్ వేసుకుని వెళ్లకండి, ఎఫ్‌డీజీ మందు కండరాల్లోకి పోతుంది. ఏ డోసు ఎప్పుడో సెంటర్‌ వాళ్లనే అడగండి.

చదివే డాక్టర్లను కూడా తికమకపెట్టే విషయం ఒకటుంది. స్వరపేటికలో మాట పలికించే రెండు స్వరతంతువుల్లో ఒకవైపుది చచ్చుబడితే, రెండోది దాని పని కూడా తానే మోస్తుంది. స్కాన్‌లో వెలిగేది ఆ బాగున్న తంతువే! గొంతులోకి కెమెరా వేసి చూసిన రిపోర్టు పక్కన లేకపోతే దాన్నే కణితి అనుకునే ప్రమాదముంది. పళ్లకు లోహపు క్యాపులుంటే ముందే చెప్పండి, వాటి చుట్టూ కూడా లేని వెలుగు పుడుతుంది.

ఇక ఎప్పుడు చేయించాలన్నది. రేడియేషన్ తగిలిన కణజాలం వారాల తరబడి వాచి ఉంటుంది, అదీ వెలుగుతుంది. అందుకే చికిత్స ముగిశాక 12 వారాలకు చేస్తారు. బ్రిటన్‌లో 564 మందితో జరిగిన పెట్-నెక్ అధ్యయనం 2016లో వెలువడింది. ఒక సగానికి ముందే అనుకున్న ప్రకారం మెడలోని లింఫు గడ్డలు తీసేసే ఆపరేషన్, రెండో సగానికి 12 వారాలకు పెట్ సీటీ చేసి అవసరమైతేనే ఆపరేషన్. మొదటి గుంపులో 221 ఆపరేషన్లు, రెండో గుంపులో 54. బతికినవాళ్ల శాతం మాత్రం స్కాన్ గుంపులో ఏమీ తగ్గలేదు. అంతమందికి మెడ కోత తప్పింది!

అయితే ఈలోగా కొత్త వాపు, రక్తం, మింగలేకపోవడం కనిపిస్తే 12 వారాల లెక్క చూడొద్దు, వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. స్కాన్‌లో వెలుగు లేకపోయినా తప్పిపోయేవి ఉంటాయి: కొద్ది మిల్లీమీటర్ల గడ్డలు, లోపల కుళ్లి నీరుపట్టినవి. రిపోర్టు అటూ ఇటూ కాకుండా వస్తే అల్ట్రాసౌండ్ చూస్తూ సూది పరీక్ష చేయాలా, కొన్ని వారాలాగి మళ్లీ స్కాన్ తీయాలా అని అడగండి. వెళ్లేటప్పుడు చికిత్సకు ముందు తీసిన స్కాన్ సీడీ తప్పకుండా పట్టుకెళ్లండి, కాగితం రిపోర్టు ఒక్కటే సరిపోదు.