ఉలికిపాటు వేరు, దడుపు వేరు

అందరికీ నమస్కారం. ముప్ఫై ఏళ్లుగా ఈ బరంపురంలో మైకులు పెట్టడమే నా పని. మైకు ముందు నిలబడి మాట్లాడటం మాత్రం ఇదే మొదటిసారి. పెళ్లిళ్లు, భజనలు, ఠాకురాణి అమ్మవారి జాతర, ఎన్నికల మీటింగులు, ఎక్కడికి పిలిస్తే అక్కడికి బాక్సులు మోసుకెళ్లినవాణ్ని. ఇవాళ ఇక్కడ సినిమా వేసే ముందు, దెయ్యం సినిమా నిజంగా భయపెట్టాలంటే ఏం ఉండాలో పది నిమిషాలు చెప్పమన్నారు. నేనేమీ సినిమాలు తీసినవాణ్ని కాను. శబ్దం సంగతి కొంచెం తెలుసు, ఆ ధైర్యంతో ఒప్పుకున్నాను.

మన ఇళ్లలో రెండు మాటలున్నాయి. పిల్లాడు తలుపు చాటునుంచి వచ్చి ‘భౌ’ అంటే ఉలిక్కిపడతాం. వెంటనే నవ్వేసి వాడి వీపున ఒకటి వేస్తాం. అక్కడితో సరి. దడుచుకోవడం అలా కాదు. పొద్దుగూకాక బావి దగ్గర ఏదో చూశాననుకున్న పిల్లకి ఆ రాత్రి ఒళ్లు కాలిపోతుంది. దడుపు జ్వరం అంటారు. మా నాయనమ్మ ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీసి పొయ్యిలో పడేసేది. జ్వరం తగ్గేది కూడా. మాత్ర కూడా వేసేవాళ్లు లెండి.

ఇప్పుడొచ్చే దెయ్యం సినిమాల్లో చాలావాటికి ఉలికిపాటే గతి. అమ్మాయి బాత్రూంలో అద్దం ఉన్న అల్మారా తెరుస్తుంది. అంతా నిశ్శబ్దం. మూస్తుంది. అద్దంలో వెనకాల ఒక మొహం, ‘ధడేల్’మని సౌండు. ఆ పని నేనూ చేయగలను. పది సెకన్లు సౌండ్ తగ్గించి, ఒక్కసారిగా పైకి తోస్తే చాలు. పళ్లెం కింద పడితే ఉయ్యాల్లో పసిపాప కూడా రెండు చేతులూ విదిలిస్తుంది. దానికి కథ ఎందుకు, హీరోయిన్ ఎందుకు? టికెట్ డబ్బులు తీసుకుని పళ్లెం కింద పడేయడం లాంటిది అది.

దడుపు ఎలా పుట్టిస్తారో నేను మొదట చూసింది సినిమాలో కాదు, మన గంజాం జిల్లా పల్లెల్లో ఆడే ప్రహ్లాద నాటకంలో. పందొమ్మిదేళ్ల వయసులో ఒక ఊరికి బాక్సులు తీసుకెళ్లాను. మీలో చాలామంది చూసే ఉంటారు. మెట్లు మెట్లుగా కట్టిన వేదిక, పైన సింహాసనం, హిరణ్యకశిపుడు ఎక్కుతూ దిగుతూ రాత్రంతా పాడుతూనే ఉంటాడు. కథ అందరికీ తెలుసు. స్తంభంలో ఎవరున్నారో ఉగ్గుపాలు తాగే పిల్లవాడికి కూడా తెలుసు. కాగితం అంటించిన స్తంభం అది, దగ్గరికెళ్తే మైదాపిండి జిగురు వాసన వస్తోంది. కానీ ముందు వరసలో కూర్చున్న పిల్లలు రాజు వైపు చూడటం లేదు, ఆ స్తంభం వైపే చూస్తున్నారు. రాజు ఆ పక్కకి ఒక్క అడుగు వేస్తే చాలు, అందరూ ఒకరి మీదికి ఒకరు జరుగుతున్నారు. నరసింహుడి మొహం ముసుగుకి గుళ్లో పూజ చేస్తారు. అది పెట్టుకున్న మనిషికి పూనకం వస్తుందని నలుగురు పట్టుకుంటారు. ఆ నలుగురూ తెల్లవారుజామున లేచి నడుములకి తుండ్లు బిగించుకోవడం చూశాను. అంతే, నా చేతిలో వైరు జారిపోయింది. నరసింహుడు ఇంకా రానేలేదు.

ఇంగ్లిష్ సినిమాల దర్శకుడు హిచ్‌కాక్ ఇదే సంగతి ఇంకోలా చెప్పాడు. బల్ల కింద బాంబు ఉందని మనకి తెలియకుండా పేలిస్తే పదిహేను సెకన్ల ఆశ్చర్యం. ముందే మనకి చూపించి, అక్కడ కూర్చున్నవాళ్లు ఆటల గురించి కబుర్లు చెప్పుకుంటుంటే పదిహేను నిమిషాల టెన్షన్. ఆయన బాంబు, మన స్తంభం, రెండూ ఒకటే. 1975లో వచ్చిన ‘జాస్’ అనే సొరచేప సినిమాకి ఇది అనుకోకుండా కలిసొచ్చింది. సముద్రపు నీళ్లలో ఆ మర సొరచేప మాటిమాటికీ చెడిపోతుంటే దాన్ని చూపించకుండానే చాలా సీన్లు తీయాల్సి వచ్చింది. చేప బదులు జాన్ విలియమ్స్ రెండు స్వరాల సంగీతం వచ్చేది. ఆ చేప బాగా పనిచేసి ఉంటే మనం దాన్ని ఈపాటికి మర్చిపోయేవాళ్లమేమో.

ఇక నా సంగతి. 2013 అక్టోబరు 12, ఫైలిన్ తుపాను రాత్రి. దసరా రోజులు. గోపాలపురం దగ్గర తీరం దాటుతుందన్నారు, కరెంటు ముందే పోయింది. గాలి గంటకి రెండొందల కిలోమీటర్లు అన్నారు. ఆ హోరు ఎంతసేపని వింటాం? గంటకి చెవి అలవాటు పడిపోయింది. మా ఇంట్లో ఏడుగురం మధ్యగదిలో ఒక్క లాంతరు చుట్టూ కూర్చున్నాం, మా అబ్బాయి నిద్ర కూడా పోయాడు. అప్పుడు పెరటి తలుపు దగ్గర వినిపించింది. ‘టక్’. కొంచెం ఆగి, ‘టక్’. చిన్న చప్పుడే. ఆ హోరులో వినపడకూడదు, కానీ వినపడింది. మా నాన్న ‘గాలే’ అన్నారు. ఎవరూ ఏమీ అడగకుండానే అన్నారు, అది గమనించండి. నేను మనసులో లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఆరు అంకెలకి ఒకసారి. ఏడోసారి ఆరు దాటింది, తొమ్మిది దాటింది, రాలేదు. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. ఆ చప్పుడు ఆగిపోవడం, వచ్చినదానికంటే ఘోరంగా ఉంది. పన్నెండు దగ్గర మళ్లీ ‘టక్’.

తెల్లారాక చూస్తే స్నానాలగది తలుపు గొళ్లెం. తలుపు విరిగి ఒక మడతబందు మీద వేలాడుతోంది. అంత పెద్ద గాలికి భయపడనివాళ్లం ఒక గొళ్లేనికి ఎందుకు భయపడ్డామా అని చాలా రోజులు ఆలోచించాను. గాలికి మనతో పనిలేదు. దాని దారిన అది పోతుంది. ఆగి ఆగి కొట్టేదానికి మాత్రం మనతో ఏదో పని ఉన్నట్టు ఉంటుంది. మనిషి తలుపు కొట్టినట్టు ఉంటుంది. సినిమాలో దెయ్యం మొహం చూపించగానే ఆ అనుమానం తీరిపోతుంది, ఓహో ఇదా అనిపిస్తుంది. ఒడియావాళ్లు చెప్పే చిరుగుణి దెయ్యం అయినా, కొరివిదెయ్యం అయినా, చూశాక అదొక మేకప్ వేసుకున్న మనిషే.

మోత సంగతి ఒకటి చెప్తాను. బ్లమ్‌స్టీన్ అని అమెరికాలో ఒక జంతు శాస్త్రవేత్త. కొండల్లో ఉండే మార్మోట్లు అనే జంతువులు దొరికిపోయినప్పుడు వేసే కేకలు విని, సినిమాల సంగీతంలో అలాంటి మోతలు ఉన్నాయేమోనని వందకి పైగా సినిమాలు వెతికించాడు. ఆ ఫలితాలు 2010లో అచ్చయ్యాయి. భయపెట్టే సినిమాల్లో గొంతు పగిలిన కేకల్లాంటి మోతలు ఎక్కువగా కనిపించాయట. మా భాషలో ‘సౌండ్ పగలడం’ అంటాం. ఏ మోత రాకుండా నేను ముప్ఫై ఏళ్లు బాక్సుల పక్కన కాపలా కాశానో, అదే మోత! 1960లో హిచ్‌కాక్ తీసిన ‘సైకో’లో స్నానాలగది హత్య సీనుకి బెర్నార్డ్ హెర్మన్ వయొలిన్లతో చేసింది అదే. హిచ్‌కాక్ మొదట ఆ సీనుకి సంగీతమే వద్దన్నాడు. హెర్మన్ వినిపించాక మనసు మార్చుకున్నాడు.

మనవాళ్లలో రాంగోపాల్ వర్మ ‘భూత్’ 2003లో హిందీలో తీశాడు. పాటలు లేవు. పాత బంగళా లేదు, ముంబైలో మామూలు ఫ్లాటు. నాకు ఆ సినిమా అంతా నచ్చలేదు, చివర్లో కేకలు ఎక్కువయ్యాయి. కానీ చూసొచ్చిన నెల్లాళ్ల వరకు ఒంటరిగా లిఫ్ట్ ఎక్కలేదు. జాతర పనికి భువనేశ్వర్ వెళ్లి, హోటల్లో బ్యాటరీ మోసుకుంటూ నాలుగు అంతస్తులు మెట్లెక్కాను. మా కుర్రాడు ఎందుకని అడిగితే ఒంటికి మంచిదన్నాను. అదీ దడుపు జ్వరం అంటే.

ఇప్పుడు వేసే సినిమా పేరు చెప్పను. ఒక్క మనవి. మధ్యాహ్నం ఈ హాల్లో సౌండ్ చూసుకున్నాను. ఎడమవైపు మూడో ఫ్యాను కిచకిచలాడుతోంది, మిగతావి హోరుమంటున్నాయి. ఈ సినిమాలో మొదటి అరగంటలో ఒకచోట, పక్కగదిలో ఎవరో చాప పరుస్తున్నట్టు చిన్న చప్పుడు ఉంది. ఫ్యాన్లు తిరుగుతుంటే అది మీకు వినపడదు. కాబట్టి లైట్లతోపాటు ఫ్యాన్లు కూడా ఆపేస్తున్నాం. ఉక్కపోస్తుంది, తెలుసు. నీళ్ల బాటిళ్లు గుమ్మం దగ్గర పెట్టించాం, ఎవరికి కావాలంటే వాళ్లు చీకట్లో లేచి వెళ్లి తెచ్చుకోవచ్చు.