‘చెల్లదు’ అని రాస్తే చాలదు: బిజినెస్ లా పరీక్షకు కాంట్రాక్టు చట్టం

అందరికీ నమస్కారం. మీలో ఎక్కువమంది సీఏ ఫౌండేషన్ రెండో పేపర్ రాయబోతున్నారు, కొందరు బీకాం వాళ్లూ ఉన్నారు. ఇద్దరికీ మొదటి గండం ఒకటే: 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం. దాని మీద పట్టు చిక్కితే 1930 నాటి వస్తు విక్రయ చట్టం, 1932 నాటి భాగస్వామ్య చట్టం తేలికవుతాయి. అందుకే ఈ గంటలో ఎక్కువ భాగం దానికే.

ఒక తెలుగు మాటతో మొదలుపెడతాను: ‘చెల్లదు’. నోటు చెల్లదు, రాత చెల్లదు, అగ్రిమెంటు చెల్లదు. బజార్లో ఈ ఒక్క మాటతో పని జరిగిపోతుంది. మీరు జవాబు ఇంగ్లిషులో రాస్తున్నా, లోపల నడిచే మాట ఇదే కాబట్టి కాగితం మీదికి ‘నాట్ వాలిడ్’ అని దిగుతుంది. మార్కులు జారిపోయేది అక్కడే. చట్టంలో చెల్లకపోవడం ఒక్క రకం కాదు.

వాయిడ్ ఒప్పందాన్ని కోర్టు అమలు చేయదు. ఇద్దరూ ఒప్పుకున్నా దానికి ప్రాణం రాదు. వాయిడబుల్ కాంట్రాక్టు అలా కాదు. ఎవరి సమ్మతిని వంచించి తీసుకున్నారో ఆ ఒక్క పక్షానికి రద్దు హక్కు ఉంటుంది. ఆ హక్కు వాడేదాకా కాంట్రాక్టు నడుస్తూనే ఉంటుంది. ఈ తేడా ఎంత దూరం పోతుందో చూడండి. మోసం చేసి స్కూటర్ కొన్నవాడు, అమ్మినవాడు రద్దు చేసేలోపే, సంగతి తెలియని మూడో మనిషికి దాన్ని అమ్మేశాడు. ఆ మూడో మనిషికి మంచి హక్కే వస్తుంది; వస్తు విక్రయ చట్టం 29వ సెక్షన్ చెప్పేది అదే. మొదటి కొనుగోలు వాయిడ్ అయ్యుంటే అతనికి ఏమీ దక్కేది కాదు. ‘నాట్ వాలిడ్’ అని రాసి ఊరుకున్నవాళ్లు ఈ ప్రశ్నలో రెండో సగానికి చేరుకోలేరు.

ఇల్లీగల్ ఒప్పందం వాయిడే, పైగా దానికి తోడుగా చేసుకున్న ఒప్పందాలనూ పాడుచేస్తుంది. వాయిడ్ అయినంత మాత్రాన ఇల్లీగల్ అయిపోదు. పందెం ఒప్పందం కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ కింద వాయిడ్. కానీ పందేల వ్యాపారం కోసం పెట్టుకున్న భాగస్వామ్యం, పందెం వాయిడ్ అన్న కారణంతోనే 23వ సెక్షన్ కింద చట్టవిరుద్ధం కాదని ఘేరులాల్ పరఖ్ కేసులో సుప్రీంకోర్టు 1959లో చెప్పింది.

ఇక సమ్మతి. 14వ సెక్షన్ ఐదు లోపాలు చెబుతుంది: బలవంతం, అనుచిత ప్రభావం, మోసం, తప్పుడు వర్ణన, పొరపాటు. మొదటి నాలుగూ కాంట్రాక్టును వాయిడబుల్ చేస్తాయి. ఇద్దరూ కీలకమైన వాస్తవం విషయంలోనే పొరబడితే 20వ సెక్షన్ కింద ఒప్పందం వాయిడ్. ఐదింటినీ ఒకే గాటన కట్టకండి.

బలవంతానికి మన తెలుగు ఇంటిపేరుతోనే కేసు ఉంది: చిక్కం అమ్మిరాజు వర్సెస్ చిక్కం శేషమ్మ, మద్రాసు హైకోర్టు. భర్త ఆత్మహత్య చేసుకుంటానని బెదిరించి, భార్య చేత, కొడుకు చేత తన సోదరుడి పేర హక్కు విడుదల పత్రం రాయించాడు. 15వ సెక్షన్ ప్రకారం శిక్షాస్మృతి నిషేధించిన పని చేస్తాననే బెదిరింపు కావాలి. ఆత్మహత్య పూర్తయితే శిక్షించడానికి మనిషే ఉండడు. మరి అది నిషేధించిన పనేనా? ఎక్కువమంది జడ్జిలు అవునన్నారు, ఒకరు కాదన్నారు. ‘సూసైడ్ బెదిరింపు బలవంతమే’ అని బట్టీ పట్టడం కన్నా, వాదమంతా ‘నిషేధించిన’, ‘శిక్షించదగిన’ అన్న రెండు మాటల నడుమే తిరిగిందని గుర్తుపెట్టుకోండి. ఈ పేపర్ మీ నుంచి కోరేది మాటను ఇలా తూచడమే.

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. 17 ఏళ్ల కుర్రాడు తనకు 19 అని అబద్ధం చెప్పి 80,000 రూపాయలు అప్పు తీసుకుని నోటు రాశాడు. 18 నిండాక, కొత్తగా పైసా తీసుకోకుండా, అదే అప్పుకు ఇంకో నోటు రాశాడు. అప్పిచ్చినవాడు దావా వేస్తే?

జవాబు నాలుగు మెట్లు. 11వ సెక్షన్ ప్రకారం మైనర్‌కు కాంట్రాక్టు చేసే అర్హత లేదు. మైనర్ ఒప్పందం మొదటినుంచే వాయిడ్ అని మొహరీ బీబీ వర్సెస్ ధర్మోదాస్ ఘోష్‌లో ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలపు అత్యున్నత అప్పీలు కోర్టు) 1903లో తేల్చింది. అబద్ధం చెప్పాడు కదా అంటే, ఆ కారణంతో మైనర్ నోరు కట్టేయడం కుదరదు, ఎస్టాపెల్ (ముందు చెప్పిన మాటను తర్వాత కాదనకుండా ఆపే నియమం) అతనికి వర్తించదు. పెద్దయ్యాక ఖాయం చేశాడంటే, మొదట్లోనే లేనిదాన్ని ఖాయం చేయలేడు. కొత్త నోటు ఉందంటే, దానికి కొత్త ప్రతిఫలం లేదు. కాబట్టి ఆ నోటు మీదా వసూలు కుదరదు. చాలామంది మొదటి మెట్టు ఎక్కి ఆగిపోతారు. ప్రశ్నలో ‘19 అని చెప్పి’, ‘పైసా తీసుకోకుండా’ అని పెట్టింది ఊరికే కాదు; ఇచ్చిన ప్రతి వాస్తవానికీ జవాబులో ఒక వాక్యం ఉండాలి. అదే డబ్బు అన్నానికో చదువుకో ఇచ్చి ఉంటే 68వ సెక్షన్ వస్తుంది. అప్పుడు మైనర్ ఆస్తి నుంచి రాబట్టుకోవచ్చు, అతని మీద వ్యక్తిగత బాధ్యత మాత్రం ఉండదు.

ఉత్తరాల తేదీల ప్రశ్న అందరినీ తికమక పెడుతుంది. జవాబు రాసే ముందు రఫ్‌గా ఒక గీత గీసి తేదీలు వేయండి. విజయవాడ వ్యాపారి ప్రతిపాదన 3న వరంగల్ చేరింది. వరంగల్ ఆయన 4న అంగీకారం పోస్టు చేశాడు, అది 6న విజయవాడ చేరుతుంది. 4న ఉత్తరం డబ్బాలో పడ్డ క్షణమే విజయవాడ ఆయన చిక్కుకుపోయాడు. 5న అందిన ఆయన ఉపసంహరణ పనికిరాదు. వరంగల్ ఆయనకు మాత్రం 6న ఆ ఉత్తరం చేరేలోపు వెనక్కి తగ్గే వీలుంది. ఇవి 4, 5 సెక్షన్లు. ఫోన్ అయితే పద్ధతి వేరు: అంగీకారం ఎక్కడ వినబడిందో అక్కడే కాంట్రాక్టు పుట్టిందని భగవాన్‌దాస్ కేడియా కేసులో సుప్రీంకోర్టు 1966లో చెప్పింది.

టైము సంగతి. ఫౌండేషన్‌లో 100 మార్కులకు 3 గంటలు, అంటే నాలుగు మార్కుల ప్రశ్నకు ఏడు నిమిషాలు. అందులో ఒకటిన్నర నిమిషం చదవడానికి, గీత గీయడానికి పోవాలి. ముందు నియమం, తర్వాత ఆ నియమంలోని ఒక్కో షరతు ఇచ్చిన వాస్తవాలకు ఎలా సరిపోయిందో, చివర తీర్పు ఒక్క వాక్యంలో. మధ్య భాగాన్ని రెండు లైన్లలో ముగించి నియమాన్ని అరపేజీ రాస్తే అది బట్టీ జవాబే. సెక్షన్ నంబర్ మీద అనుమానముంటే ‘కాంట్రాక్టు చట్టం ప్రకారం’ అని రాయండి. తప్పు నంబర్ ఉన్న సరైన జవాబు అనుమానం రేపుతుంది.

చదివేటప్పుడు గైడు కన్నా ముందు చట్టం పాఠమే తెరవండి. 10వ సెక్షన్ ఒక్కటి తీసుకుని, అందులో ఎన్ని షరతులున్నాయో పెన్సిల్‌తో విడగొట్టి, ఒక్కోదానికీ అది లేకపోతే ఒప్పందం ఏమవుతుందో పక్కన రాయండి: వాయిడా, వాయిడబులా. చట్టంలో ఇచ్చిన ఉదాహరణలు వదలకండి.

ఇంటికెళ్లి ఇది రాయండి. తెనాలి గోదాములో ఒకే రకం బియ్యం 300 బస్తాలున్నాయి. ఒకాయన వాటిలో 100 కొన్నాడు, డబ్బు కూడా కట్టేశాడు. ఆయన బస్తాలు వేరు చేసి పెట్టకముందే గోదాము కాలిపోయింది. నష్టం ఎవరిది? వస్తు విక్రయ చట్టం 18, 26 సెక్షన్లు. ఏడు నిమిషాలు పెట్టుకుని రాయండి, పుస్తకం తెరవకుండా.