శాండ్ క్రీక్‌లో తుపాకీ ఎత్తని కెప్టెన్

[తెర మీద: చీకట్లో కదులుతున్న గుర్రాల బారు]

1864 నవంబర్ 28, రాత్రి 8 గంటలు. కొలరాడోలోని ఫోర్ట్ లయన్ నుంచి సుమారు 700 మంది సైనికులు బయలుదేరారు. వెంట నాలుగు చిన్న ఫిరంగులు. ఎముకలు కొరికే చలిలో, తెల్లారేలోపు దాదాపు 40 మైళ్లు పోయి శాండ్ క్రీక్ వాగు ఒడ్డున ఉన్న అమెరికా ఆదివాసుల గుడారాల మీద పడాలి. ఆ బారులో ఫస్ట్ కొలరాడో అశ్వికదళం డి కంపెనీ కెప్టెన్ సైలస్ సోల్ కూడా ఉన్నాడు. వయసు 26. ఇది యుద్ధం కాదు, హత్య అని కోటలో తోటి అధికారులకు మొహం మీదే చెప్పేసి గుర్రమెక్కాడు.

[తెర మీద: డెన్వర్, క్యాంప్ వెల్డ్ ఫొటో]

ఎందుకలా అన్నాడు? ఈ ఫొటో చూడండి. అదే ఏడాది సెప్టెంబర్ 28న, డెన్వర్‌లోని సైనిక శిబిరం క్యాంప్ వెల్డ్‌లో శాంతి చర్చలప్పుడు తీసింది. ముందు మోకాళ్ల మీద ఉన్న ఇద్దరూ సైనికాధికారులు: మేజర్ వింకూప్, సోల్. వెనక షయెన్, అరాపహో అనే ఆదివాసీ తెగల పెద్దలు. మనం బళ్లో ‘రెడ్ ఇండియన్లు’ అని చదువుకున్నాం కానీ, వాళ్ల పేర్లు వాళ్లకున్నాయి, ఆ పేర్లతోనే పిలుద్దాం. అందులో బ్లాక్ కెటిల్ అనే షయెన్ పెద్ద శాంతి కోరి వచ్చాడు. సైన్యం అండలో ఉంటే భయం లేదన్న నమ్మకంతోనే ఆయన మనుషులు శాండ్ క్రీక్ ఒడ్డున గుడారాలు వేసుకున్నారు.

ఆ నమ్మకం ఇచ్చిన వాళ్లలో సోల్ ఒకడు. అందుకే అడ్డం తిరిగాడు. మనం మాటిచ్చిన మనుషుల్ని చంపరు, అసలు వెళ్లేది స్మోకీ హిల్ నది వైపు, వేరే గుంపుల మీదికి అని ఫోర్ట్ లయన్ అధికారి మేజర్ ఆంథోనీ అతనికి సర్దిచెప్పాడు.

దండు నాయకుడు కర్నల్ షివింగ్టన్, ఒకప్పటి మెథడిస్ట్ పాస్టర్. దండులో ఎక్కువమంది 100 రోజులకు చేరిన వాలంటీర్లు. గడువు ముగిసిపోతోంది, చెప్పుకోదగ్గ పోరు ఒక్కటీ లేదు.

[తెర మీద: తెల్లవారుజాము, ఇసుక వాగు]

గుర్రాల డెక్కల చప్పుడుకి ఊరు లేచింది. బ్లాక్ కెటిల్ తన గుడారం మీద అమెరికా జెండా ఎగరేశాడు, దానితోపాటు తెల్ల జెండా. అయినా తుపాకులు పేలాయి. జనం వాగు వెంట పరుగెత్తి, చెలమలు తవ్వినట్టు చేతులతో ఇసుక తవ్వి ఆ గుంటల్లో దాక్కున్నారు. ఫిరంగులు వాళ్ల మీదికి తిరిగాయి. చనిపోయింది సుమారు 230 మంది, ఎక్కువగా ఆడవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు.

డి కంపెనీ వరస చెదరలేదు, ఒక్క గుండూ పేల్చలేదు. లెఫ్టినెంట్ క్రేమర్ కూడా తన మనుషుల్ని ఆపాడు. ఒక్కమాట ఇక్కడ చెప్పాలి. కాల్చనంత మాత్రాన సోల్ ఆ మారణకాండను ఆపలేకపోయాడు. తన కళ్ల ముందే అంతా జరిగింది.

కానీ చూసింది దాచలేదు. డిసెంబర్ 14న వింకూప్‌కి ఉత్తరం రాశాడు. మోకాళ్ల మీద పడి ప్రాణభిక్ష అడిగిన పిల్లల గురించి, శవాలను కోసిన చేతుల గురించి. డెన్వర్‌లో షివింగ్టన్‌ని వీరుడని ఊరేగిస్తున్న రోజులవి. 1865 ఫిబ్రవరిలో సైనిక విచారణ ముందు అదంతా ప్రమాణం చేసి మరీ చెప్పాడు.

ఏప్రిల్ 1న పెళ్లి చేసుకున్నాడు. ఏప్రిల్ 23 రాత్రి డెన్వర్ వీధిలో అతన్ని కాల్చి చంపారు. పట్టుబడిన నిందితుడు తప్పించుకుపోయాడు. షివింగ్టన్ అప్పటికే సైన్యం వదిలేయడంతో కోర్టు మార్షల్ కూడా జరగలేదు.

[తెర మీద: చేతిరాత కాగితాలు]

సోల్, క్రేమర్ ఉత్తరాలు 2000లో మళ్లీ వెలుగులోకి వచ్చాయి. శాండ్ క్రీక్‌ని జాతీయ చారిత్రక స్థలం చేసే చట్టానికి బలమిచ్చింది ఆ కాగితాలే. 2007లో ఆ స్థలం మొదలైంది.

[తెర మీద: రివర్‌సైడ్ శ్మశానం, డెన్వర్]

షయెన్, అరాపహో యువకులు ఏటా నవంబర్ చివర్లో తమవాళ్లను తలచుకుంటూ శాండ్ క్రీక్ నుంచి డెన్వర్ దాకా పరుగు తీస్తారు. దారిలో ఈ సమాధి దగ్గర ఆగుతారు. సైన్యం పెట్టించిన చిన్న తెల్లరాయి. దాని మీద సైలస్ సోల్ పేరు.