వినేగ్ర్‌ని ఎక్కడ విరవాలి?

సభకు నమస్కారం. అధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, అప్పుడే గడియారం చూసుకుంటున్న ముందు వరుస మిత్రులకూ నమస్కారం. మార్చి 20, ఫ్రాంకోఫోనీ దినం, అంటే ఫ్రెంచి మాట్లాడేవాళ్ల దినం కదా, ఫ్రెంచి భాషా వైభవం మీద మాట్లాడమన్నారు. వైభవం తర్వాత చూద్దాం. నేను ఒక్క మార్కు గురించి మాట్లాడతాను.

ఆమధ్య ఒక ఫ్రెంచి పరీక్షలో "పదాలను విడదీయండి" అని ఇచ్చారు. అందులో వినేగ్ర్ ఉంది, అంటే వెనిగర్. నా దగ్గర చదివే పిల్ల 'వాఁ', 'ఏగ్ర్' అని రెండు ముక్కలు చేసింది. వాఁ అంటే వైన్, ఏగ్ర్ అంటే పుల్లనిది. పులిసిన వైనే కదండీ వెనిగర్! సున్నా వేశారు. కీలో వి-నే-గ్ర అని ఉందట.

కీ తప్పని నేననను. ముద్రణలో పంక్తి చివర మాట విరవాలంటే ఫ్రెంచివాళ్లు అలాగే విరుస్తారు. రెండు అచ్చుల మధ్య ఒంటి హల్లు వస్తే తర్వాతి అచ్చుతో పోతుంది. గ్ర, బ్ల లాంటి జంటల్ని విడగొట్టరు. కానీ ఒకసారి పైకి అనండి, అందరూ అనండి: వి, నేగ్ర్. రెండే! చివర రాసే 'e' మామూలు మాటల్లో పలకదు. రాతలో మూడు, నోట్లో రెండు. అర్థానికీ రెండే, కానీ గీత ఇంకోచోట పడుతుంది.

మనకిది కొత్తా? పద్యానికి గణవిభజన చేస్తే పదం మధ్యలోనైనా గీత పెడతాం. సంధి విడదీస్తే అర్థం చూస్తాం. ఈ రెండూ ఒకటేనని ఏ తెలుగు మాస్టారైనా అంటారా?

దేజగ్రేఆబ్ల్ తీసుకోండి. చిరాకు కలిగించేది అని. పలికితే దే-జ-గ్రే-ఆబ్ల్. అర్థానికైతే 'దేజ్' వ్యతిరేకం చెప్పే ఉపసర్గ, 'అగ్రేఆబ్ల్' హాయిగా ఉండేది. ఆ దేజ్ పట్టుబడితే దేజోర్ద్ర్ (అస్తవ్యస్తం), దేజొనర్ (అవమానం) లాంటివి పిల్లలు వాళ్లంతట వాళ్లే విప్పుకుంటారు. మన గైడ్లలో ఆ గీతే ఉండదు!

పారిస్ కుర్రాళ్ల వెర్లాన్, అంటే మాటను పలుకు ముక్కలుగా విరిచి తిరగేసే యాస, దాని గురించి కూడా చెప్పాలి. 'లాన్వేర్' అంటే తిరగేసినది. దాన్నే తిరగేసి వెర్లాన్ అన్నారు. అర్థంతో పనిలేదు, ముందున్న 'ల్' అనే ఆర్టికల్ కూడా 'లాన్'లో ఇరుక్కుపోయింది... చీటీ వచ్చింది, టైమ్ అయిందట.

ప్రశ్నపత్రాలు తయారుచేసేవాళ్లు ఈ హాల్లోనే ఉన్నారు. అయ్యా, అమ్మా, పలుకును బట్టా, అర్థాన్ని బట్టా, ఆ ఒక్క మాట ప్రశ్నలో చేర్చండి. ఆ పిల్ల రీకౌంటింగ్‌కి డబ్బు కట్టింది. అక్కడ కూడికలు చూస్తారు తప్ప జవాబు చూడరు. ఆ డబ్బూ పోయింది. సెలవు.