40 రోజులు దాటినాక కూడా వాడతా ఉంటే?

నమస్కారం. కావలిలో డీటీపీ సెంటర్ పెట్టుకున్న ఒక తమ్ముడు, ఫైళ్ళను కుదించి మళ్ళీ విప్పే విన్‌రార్ అనే సాఫ్ట్‌వేర్ గురించి అడిగాడు: "అన్నా, విన్‌రార్ ట్రయల్ 40 రోజులే అంటారు. నేను ఏళ్ళ తరబడి వాడతానే ఉండా, ఏనాడూ ఆగలా. చేసినోళ్ళే వదిలేస్తే నేనెందుకు డబ్బులు కట్టాల?"

ఆగని మాట నిజమే. కానీ వదిలెయ్యలేదు తమ్ముడూ. గడువు దాటినాక వాడుకోవాలంటే లైసెన్సు కొనాలని అందులోనే రాసిపెట్టారు. తాళం మాత్రం వెయ్యలేదు, మనల్ని నమ్మారు.

ఈ పద్ధతి వెనక ఒక మంచి ఆలోచన ఉంది. బాబ్ వాలెస్ అని మైక్రోసాఫ్ట్ తొలి ఉద్యోగుల్లో ఒకాయన. బయటికొచ్చి 1983లో పీసీ-రైట్ అనే వర్డ్ ప్రాసెసర్‌ను షేర్‌వేర్‌గా, అంటే ముందు వాడి చూసి నచ్చితే డబ్బు కట్టే పద్ధతిలో, విడుదల చేశాడు. డిస్కు 10 డాలర్లు. కాపీలు తీసి మీవాళ్ళకిచ్చుకోండి అన్నాడు. నచ్చితే 75 డాలర్లు కట్టి రిజిస్టర్ చేసుకోవాలి. నాకు బాగా నచ్చిన సంగతేందంటే, మీరిచ్చిన కాపీ వాడి ఇంకొకరు రిజిస్టరైతే 25 డాలర్లు మీకే పంపించేవాడు! పంచేవాణ్ణి ఆయన దొంగ కింద కట్టలేదు, వాటాదారుగా చూశాడు.

అందుకే గట్టిగా చెప్తా. విన్‌రార్ ట్రయల్ కాపీని ఉన్నదున్నట్టు పెన్‌డ్రైవ్‌లో వేసి ఒంగోలు నుంచి నెల్లూరు దాకా ఎంతమందికిచ్చినా తప్పులేదు. తప్పు కీ దగ్గర, అంటే లైసెన్సు కొన్నోళ్ళకిచ్చే ఫైల్ దగ్గర, మొదలవుతుంది. సిస్టమ్ ఫార్మాట్ చేసి, క్రాక్ చేసిన కీ ఎక్కించి, దానికీ కలిపి కస్టమర్ దగ్గర తీసుకుంటారే, ఆ డబ్బుల్లో సాఫ్ట్‌వేర్ రాసినాయనకు ఒక్క పైసా చేరదు. ఆ క్రాక్ ఫైల్లో ఏ వైరస్ దూరిందో కస్టమర్‌కి తెలియను కూడా తెలియదు.

కాలేజీ పిల్లోడు ప్రాజెక్టు పని మీద నాలుగు రోజులు ఎక్కువ వాడితే నేను కోప్పడను. లైసెన్సు లెక్కన అదీ తప్పే, దాచను. కానీ పెళ్ళిళ్ళ సీజన్‌లో ఫోటో స్టూడియోల ఫైళ్ళన్నీ దాంతోనే విప్పి సంపాదించే షాపు? కాగితానికి, ఇంకుకు, కరెంటుకు లెక్క రాస్తారు. దీనికి రాయరు. అడిగే మనిషి కౌంటర్ ముందు నిలబడి లేడు కాబట్టే కదా!

డాలర్లలో ధర మన ఊళ్ళ షాపులకు బరువే, ఒప్పుకుంటా. అట్టాంటప్పుడు విన్‌రార్ తీసేసి 7-జిప్ వేసుకోండి. ఇగోర్ పావ్లోవ్ చేసింది, షాపులో వాడినా ఉచితమే. రార్ ఫైళ్ళు చెయ్యలేదు గానీ విప్పుతుంది. తెలుగు ఫాంట్లకూ అంతే. మండలి, రామభద్ర, ధూర్జటి ఓపెన్ లైసెన్సుతో ఉన్నాయి. యూనికోడ్ ఫాంట్లు కాబట్టి పేజీలు కూర్చే పాత పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో ఇబ్బంది పెడతాయి, కొత్త సాఫ్ట్‌వేర్ కావాలి. పెళ్ళిపత్రిక కొట్టి డబ్బు తీసుకోండి, ఎవరికీ బాకీ ఉండదు. పక్క షాపాయనకూ ఇవ్వండి, ఫోల్డర్‌లో ఉండే లైసెన్సు ఫైల్ మాత్రం తీసెయ్యకుండా.